కొలతలు తీసుకోని గది

పెద్దాసుపత్రి పెద్దలారా, మా వదిన చేత ఆకుమందులవాడి గడప తొక్కించింది మీరే. ఆమె ముఖం చూడకుండా ఆమె ఫైలుకు వైద్యం చేసింది మీరే. చివరికి ఆమె కళ్ళు పసుపు ముద్దలైతే, "ఈ జనం మారరు" అని నిట్టూర్చిందీ మీరే. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివి, ఎవరు మారాలో మీరే తేల్చుకోండి.

మా వదిన కటింగ్ మాస్టరు. నేను అదే టైలరింగ్ షాపులో కాజాలు, గుండీలు కుడతాను. మెడలో టేపు లేకుండా వదినను చూసినవాళ్ళు లేరు. ఎవరైనా చొక్కా కుట్టించుకోవడానికి వస్తే ముందు టేపు తియ్యదు. నిలబెడుతుంది. చుట్టూ ఒకసారి తిరుగుతుంది. ఏం పని చేస్తారు, కూర్చుని చేసేదా, నిలబడి చేసేదా, బరువు ఏ భుజం మీద మోస్తారు అని అడుగుతుంది. ఆ తర్వాతే టేపు. తీసిన కొలతలన్నీ మనిషికి పైకి చదివి వినిపిస్తుంది. బద్ధకస్తుడెవడో పాత చొక్కా పంపించి "దీని కొలతకే కుట్టెయ్యండి" అంటే తిప్పి పంపేస్తుంది.

"చొక్కాను చూసి చొక్కా కుడితే అది చొక్కాకే సరిపోతుంది నాయనా. మనిషిని రమ్మను."

అట్లాంటి మనిషికి రొమ్ములో గడ్డ వచ్చింది. క్యాన్సర్ అన్నారు. ముందు ఇంజెక్షన్లు ఎక్కించి గడ్డను తగ్గిస్తామని, తర్వాత ఆపరేషన్ అని చెప్పారు. ఆ మాటైనా చెప్పింది వదినకు కాదు, పక్కన నిలబడ్డ మా అన్నయ్యకు.

డాక్టరు గదిలో రోగి కోసమని ఒక కుర్చీ ఉంది. ఉందన్న మాటే. దాని నిండా స్కానింగ్ ఫిల్ముల కవర్లు, కుర్చీ వీపు దాకా. రోగులు తలుపు పక్కన నిలబడాలి. డాక్టరు కంప్యూటర్ వైపు చూస్తూ "జ్వరం ఉందా? వాంతులా? సరే, ఎక్కించుకోండి" అంటాడు. తలుపు దగ్గర ఆయా అప్పటికే ఇంకో పేరు పిలుస్తుంటుంది. వదిన జుట్టు రాలింది, నోరు పూసింది, గోళ్ళు నల్లబడ్డాయి. గడ్డ ఏమైందో ఎవరూ చెప్పలేదు. ఆమె అడగబోయేసరికి గదిలో ఇంకొకరు ఉంటారు.

ఒకరోజు వరసలో మా ముందున్న పెద్దావిడ సంచిలోంచి ఒక సీసా తీసింది.

"డాక్టరు గారూ, మా చెల్లెలు ఈ పసరు తెచ్చిచ్చింది. తాగొచ్చాండీ?"

"పసరు తాగేదానివి ఇక్కడికెందుకొచ్చావ్? అక్కడికే పో! మా ప్రాణాలు తియ్యకండి!"

తలుపు తీసే ఉంది. వరస మొత్తం విన్నది. ఆవిడ సీసాను మళ్ళీ సంచిలో పెట్టుకుని, పైన తువ్వాలు కప్పింది. ఏదో దొంగిలించినట్టు.

బయటికి వచ్చాక వదిన అన్నది ఒకటే మాట: "అడిగితే ఇదీ మర్యాద. విన్నావుగా."

ఆకుమందులవాడి గది మా షాపు వెనక వీధిలో, మేడ మీద ఉంది. మొదటిసారి వదినతో నేనూ వెళ్ళాను. మేం మెట్లెక్కి వచ్చేసరికి అతను లేచి నిలబడ్డాడు. తన కుర్చీ వదినకు జరిపి తను స్టూలు మీద కూర్చున్నాడు. మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఏ పక్కకు తిరిగి పడుకుంటావమ్మా అన్నాడు. ఏది తింటే సయిస్తోంది అన్నాడు. చివర్న, "దేనికి భయపడుతున్నావు?" అని అడిగాడు.

గడ్డ బయటపడిన దగ్గర్నుంచి మా ఇంట్లో అందరం ఆమెకు ధైర్యం చెప్పినవాళ్ళమే. భయం సంగతి అడిగినవాళ్ళం లేము. వదిన ముఖం కప్పుకుని ఏడ్చింది. అతను ఆగమనలేదు. ఆమె ఏడ్చినంతసేపూ చెయ్యి వదల్లేదు.

అతనిచ్చిన కషాయం సీసా పట్టుకుని మెట్లు దిగుతూ వదిన అంది: "వీడు నన్ను కొలిచాడే."

"నాడి పట్టుకుంటే కొలిచినట్టా వదినా? మన కోట్లు ఇస్త్రీ చేసే ఆయన మోకాళ్ళకు ఇచ్చిందీ ఈ సీసానే. మనిషి మనిషికీ ఒకే సైజు. ఇదెక్కడి కొలత?"

"ముందు నిలబెట్టి చూశాడా లేదా? అడిగాడా లేదా? అక్కడ చొక్కాను చూసి చొక్కా కుడుతున్నారు. నువ్వు నీ కాజాలు చూసుకో."

ఆమె పొరపాటు అక్కడే ఉంది. చేతుల మీద బతికే మనిషి, చెయ్యి వేసి చూసినవాడిని నమ్మింది. ఆ పనిలో ఇన్నేళ్ళున్న నాకు ఆ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసు. దాన్ని మూఢత్వం అనేవాడిని నేను ఊరికే వదలను.

ఆకుమందులవాడిని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. వాడి సంగతీ చెబుతాను. "ఇంజెక్షన్లు మానొద్దమ్మా, దీంతోపాటు కషాయం తాగు. వాళ్ళకు మాత్రం చెప్పకు, వాళ్ళకు పడదు" అన్నాడు. ఆ చెప్పకు అన్న మాటే ఆమె మింగిన విషం.

నేను చెబుతానంటే వదిన నా మీద విరుచుకుపడింది. "చెప్పావంటే నా గుమ్మం తొక్కకు. ఆ ముసలావిడను కడిగినట్టు నన్నూ కడుగుతారు. ఇంజెక్షన్లు ఆపేసి పొమ్మంటే నేనెక్కడికి పోవాలే?"

తర్వాతి రక్తపరీక్షలో లివర్ దెబ్బతిన్నట్టు వచ్చింది. "మందు పడటం లేదు. కొన్నాళ్ళు ఆపుదాం" అన్నాడు డాక్టరు, కంప్యూటర్‌తోనే. ఎందుకు పడటం లేదో ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు. ఆ కాగితం పట్టుకుని వదిన నేరుగా మేడ ఎక్కింది. "లివర్‌కు నా దగ్గరున్నంత మందు ఎక్కడా లేదు. రెట్టింపు తాగు" అన్నాడు వాడు. లివర్‌ను తినేస్తున్నదాన్నే లివర్ కోసమని రెట్టింపు తాగింది మా వదిన.

ఒకరోజు మధ్యాహ్నం కోటు గుడ్డ మీద సుద్దతో గీత గీస్తూ గీస్తూ ఆగిపోయింది. గీత బల్ల అంచు దాకా వంకరగా పోయింది. ఆమె దాని మీదే వాలిపోయింది. ఎత్తి కూర్చోబెడితే కళ్ళు పచ్చగా ఉన్నాయి. సుద్ద మాత్రం వదల్లేదు.

ఆసుపత్రిలో చేర్చుకున్నారు, మళ్ళీ స్కానింగ్ తీశారు. మర్నాడు పొద్దున్నే వదిన మంచం పక్కన కూర్చుని గట్టిగా అడిగేశాను.

"డాక్టరొచ్చాక నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"ఆడపడుచువి అనిపించుకున్నావే."

"అనిపించుకుంటాను. నువ్వు బతికుండి నన్ను తిట్టు, పడతాను."

వదిన గోడవైపు తిరిగింది. అప్పుడే నర్సును వెంటబెట్టుకుని డాక్టరు వచ్చాడు. ఫైలులో తలపెట్టి, "ఇంకేమైనా మందులు వాడుతోందా ఈమె?" అని మంచాన్ని అడిగాడు. నేను నోరు తెరిచాను. వదిన ఇటు తిరిగి నా చెయ్యి నొక్కింది.

"డాక్టరు గారూ, ఆ కోటు ఎవరు కుట్టారండీ?"

ఆయన తలెత్తాడు. ఆమె ముఖం ఆయన సరిగ్గా చూడటం అదే మొదలు. "కోటా? ఆసుపత్రివాళ్ళు ఇచ్చారు. ఏం?"

"చెయ్యి ఎత్తినప్పుడల్లా వీపు మీద పట్టేస్తోంది కదండీ. మిమ్మల్ని చూడకుండా కుట్టారు."

ఆయన భుజం ఒకసారి తిప్పి చూసుకుని నవ్వాడు. "నిజమేనమ్మా. రోజంతా లాగేస్తుంది. కుట్టేదానివా నువ్వు?"

"కత్తిరించేదాన్నండీ. మీరు నన్నూ అట్లాగే చూశారు. కొలవకుండా."

నర్సు నేలచూపులు చూసింది. ఆయన నవ్వు ఆగిపోయింది. "కొలవలేదని ఎవరన్నారు?" అని మంచం కాళ్ళ దగ్గరున్న కవర్లోంచి ఫిల్ములు లాగాడు. కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకున్నాడు. "ఇది మొదట్లోది. ఇది ఇంజెక్షన్లు కొన్ని పడ్డాక తీసింది. ఇదిగో గడ్డ, ఇక్కడ."

వదిన లేచి కూర్చుంది. ఫిల్ము మీద వేలు పెట్టింది. "ఇది కోటు గుండీ అంత ఉంది." వేలు పక్కకు జరిపింది. "ఇది చొక్కా గుండీ అంతే. తగ్గిందా?"

"బాగా తగ్గింది. మందు బాగా పనిచేసింది."

"మరి నాకెవరూ చెప్పలేదేంటండీ?"

"రిపోర్టులో రాశాం కదమ్మా."

వదిన ఫిల్ము మీంచి వేలు తీసింది. "నాకు తెలిసింది జుట్టు రాలడం ఒక్కటేనండీ. మీ మందు పనిచెయ్యట్లేదనుకున్నాను. అందుకని కషాయం తాగుతున్నాను. లివర్ పాడైందన్నాక రెట్టింపు తాగాను."

ఆయన అరవబోయాడు. దవడ బిగుసుకోవడం నేను చూశాను. అరవలేదు. మంచం అంచున కూర్చున్నాడు. "ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఆ పెద్దావిడ చెప్పింది కదండీ మీకు. సీసా పట్టుకుని."

ఆయనకు గుర్తుందో లేదో నాకు తెలియదు.

"నిన్నటి ఫిల్ము కూడా చూపించండి" అంది వదిన.

"తర్వాత చూద్దాం."

"చూపించండి."

చూపించాడు. వదిన దాని మీద బొటనవేలి గోరు ఆనించి కొలుచుకుంది. నేను చూడకుండానే తెలిసింది, ఆమె చెయ్యి కిందికి దిగిన తీరు చూసి.

"కోటు గుండీ దాటిపోయింది."

"మందు ఆపిన రోజుల్లో పెరిగింది. లివర్ కుదుటపడగానే మళ్ళీ మొదలుపెడతాం."

"కుదుటపడకపోతే?"

"చెప్పలేనమ్మా."

"సరే" అంది వదిన. "ఇవాళైనా కొలత చదివి వినిపించారు."

ఇంటికొచ్చాక సీసాలన్నీ తూములో పారబోయమంది. పోస్తుంటే గుమ్మంలో నిలబడి చూస్తూ అంది: "కషాయం దొంగదేనే. వాడు నా భయం అడిగాడు చూడు, అది మాత్రం దొంగది కాదు."

ఖాళీ సీసాలు తీసుకెళ్ళి వాడి బల్ల మీద గుమ్మరించి, నోటికొచ్చినట్టు కడిగి వచ్చాను. వాడు తగ్గలేదు, మెట్ల మీద వరసా తగ్గలేదు. ఆ వరసలో చాలామంది చేతుల్లో ఉన్నవి మీ ఆసుపత్రి ఫైళ్ళే. మీరు నిలబెట్టి పంపినవాళ్ళంతా అక్కడ కూర్చోవడానికి వెళ్తున్నారు.

టైము లేదంటారు. మీ వరాండా నేనూ చూశాను. అంతమంది రోగులను ఒక్క డాక్టరు నెత్తిన కుమ్మరించిన పైవాళ్ళను గల్లా పట్టుకుని అడగండి, మీతోపాటు మేమూ వస్తాం. డాక్టర్లను వెయ్యమని కలిసే అరుద్దాం. అప్పటిదాకా ఆగనక్కర్లేని పనులు మీ చేతుల్లోనే ఉన్నాయి. ఫిల్మును రోగి వైపు తిప్పండి. పెరిగితే పెరిగిందనండి, తగ్గితే తగ్గిందనండి. ఇంట్లో ఇంకేం తాగుతున్నావమ్మా అని మీరే ముందు అడగండి. జవాబు విన్నాక నోరు అదుపులో పెట్టుకోండి.

మా వదిన మళ్ళీ షాపుకు వస్తోంది. నిలబడలేదు కాబట్టి కూర్చునే కత్తిరిస్తోంది. లివర్ ఎట్లా ఉందో తేల్చే రక్తపరీక్ష కాగితం పట్టుకుని, ఇంజెక్షన్ మొదలవుతుందో లేదో వినడానికి మీ గదికి వస్తుంది. ఆమె తలుపు తీసేసరికి ఆ కుర్చీ ఖాళీగా ఉండాలి. కవర్లు తీసెయ్యండి. ఇవాళే.