పేరు కొట్టిన గడియారం

ఒక బావికి ఇద్దరు రైతులుంటే వంతులుంటాయి. ఈ రోజు నీ మడికి, రేపు నా మడికి. పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో ఈ పద్ధతి తెలియని వాళ్ళు లేరు. అయితే చేతి గడియారానికి వంతులు పెట్టుకున్న మహానుభావులు మాత్రం ఇద్దరే. ఒకరు మదనపల్లెలో టమాటా మండీ నడిపే గోవిందప్ప, ఇంకొకరు కుప్పంలో గ్రానైటు వ్యాపారం చేసే రెడ్డెప్ప.

ఉగాది నుంచి దసరా దాకా గడియారం గోవిందప్పది. దసరా నుంచి ఉగాది దాకా రెడ్డెప్పది. పండగ మరునాడు ఇద్దరూ పుంగనూరు బస్టాండు ఎదుట ఉన్న హోటల్లో కలుసుకునేవారు. ఒకడు విప్పి ఇస్తే ఇంకొకడు కట్టుకునేవాడు. పుంగనూరే ఎందుకంటే ఇద్దరూ ఆ పక్క పల్లెలోనే పుట్టారు. ఇద్దరి తండ్రులకూ కలిపి ఒకే బావి ఉండేది. బావి ఎండిపోయి, చేలు చేతులు మారి, ఒకడు ఉత్తరానికీ ఒకడు దక్షిణానికీ బతకబోయారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళలో తప్ప ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

గడియారం ఆలోచన రెడ్డెప్పది. తొంభై నాలుగులో అతని చేతిలో డబ్బు బాగా ఆడుతుండేది. రాయి కొనడానికి వచ్చిన ఒక విదేశీ వ్యాపారి తన చేతి గడియారం చూపించి, దీన్ని వాడుకున్నన్నాళ్ళు వాడుకుని కొన్న ధరకు రెండింతలకు అమ్ముతానని చెప్పాడట. రెడ్డెప్ప ఆ మాట పట్టుకుని నేరుగా మదనపల్లెకు వచ్చేశాడు.

"అది గడియారం కాదురా గోవిందా, చేతికి కట్టుకునే మడి కయ్య. వానతో పని లేదు, కూలోళ్ళతో పని లేదు. దానంతట అదే పండతా ఉంటాది. ఒక్కని వల్ల అయ్యే ధర కాదు, చెరి సగం వేసుకుందాం. పదేండ్లకు అమ్మేద్దాం."

గోవిందప్ప భార్య రామలక్ష్మమ్మ వంటింటి గడపలో నిలబడి అంతా విన్నది.

"ఆ దుడ్డుతో బెంగళూరు రోడ్డులో ఇంటి జాగా వస్తాది. గడియారం ఏమన్నా గుడ్లు పెడతాదా?" అన్నది.

"నవ్విన నాపచేనే పండతాదమ్మా," అన్నాడు రెడ్డెప్ప.

గోవిందప్పకు గడియారం ధర పెరుగుతుందా తరుగుతుందా అన్నది పెద్దగా పట్టలేదు. రెడ్డెప్ప తనతో కలిసి ఒక వస్తువు కొంటానంటున్నాడు. పొత్తులో ఒక వస్తువుంటే రాకపోకలుంటాయి. ఆ సంతోషంలో అతను బీరువా తాళం చెవి అడిగాడు. రామలక్ష్మమ్మ తాళం చెవి ఇచ్చింది గానీ ఒక షరతు పెట్టింది.

"కొంటే కొనుక్కోండి. పేర్లన్నా కొట్టిచ్చుకోండి. పేరు లేని గిన్నె ఇంటికి తిరిగి రాదు."

ఆమె గిన్నెలు ఊళ్ళో ఎన్ని పెళ్ళిళ్ళకు పోయినా, ఒక్కటీ తప్పిపోకుండా తిరిగొచ్చేవి. గరిటె మీద కూడా పేరు చెక్కించిన మనిషి మరి.

బెంగళూరులో ఒక సేఠు అంగట్లో కొన్నారు. స్విట్జర్లాండు గడియారం, పచ్చ డబ్బా, ఏవో కాగితాలు. దానికి బ్యాటరీ ఉండదని, చేతికి ఉంటే ఆ కదలికకే నడుస్తుందని, విప్పి పెట్టేస్తే రెండు రోజుల్లో నిలిచిపోతుందని సేఠు చెప్పాడు. అందుకే వంతులు. మర్నాడే పుంగనూరులో స్టీలు పాత్రల అంగడికి పోయి గడియారాన్ని బోర్లా పెట్టారు. పేర్లు చెక్కే మిషను చేతిలో పట్టుకుని అంగడాయన "పెండ్లికా, గృహప్రవేశానికా?" అని అడిగాడు. వెనక మూత మీద పైన గోవిందప్ప, కింద రెడ్డెప్ప. గుండ్రటి అక్షరాలు ముచ్చటగా కుదిరాయి. బాగుందని ఇద్దరూ మెచ్చుకుని పది రూపాయలు ఎక్కువిచ్చారు కూడా. లంకెబిందెలు దొరికిన వాళ్ళు వాటికి తామే సొట్టలు పెట్టుకున్నట్టు, తమ సొత్తుకు తామే చేటు చేసుకున్నామని ఆ ఇద్దరికీ తెలియదు.

కాగితాలు ఏమయ్యాయో ఎవరికీ గుర్తు లేదు. పచ్చ డబ్బా రామలక్ష్మమ్మ తీసుకుని అందులో సూదులూ దారపుండలూ పెట్టుకుంది.

తొంభై తొమ్మిదిలో ఆమె పోయింది. నాలుగు రోజుల జ్వరం, అంతే. పిల్లలు లేరు. పొద్దున మండీలో వందమంది మధ్య ధరలు అరిచి అరిచి గోవిందప్ప గొంతు బొంగురుపోయేది. మధ్యాహ్నం ఇంటికొచ్చి తలుపు తీశాక ఆ గొంతుతో ఏం చేసుకోవాలో తెలిసేది కాదు. మండీలో పలకరింపులకు కొదవ లేదు. "బాగుండావాన్నా?" అంటే "బాగుండా" అనాలి. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెబితే అవతలివాడు టమాటా గంపల వైపు చూస్తాడు.

అందుకని మాటలు దాచుకోవడం మొదలుపెట్టాడు. ఏదైనా వింత చూస్తే, ఎవడైనా నవ్వొచ్చే మాటంటే, ఇది రెడ్డెప్పకు చెప్పాలి అని మనసులో ఒక పక్కన పెట్టుకునేవాడు. ఏడాదికి రెండు రోజులు పుంగనూరు హోటల్లో సెట్ దోసె ముందు కూర్చుని, ఆరు నెలల మూట విప్పేవాడు. రెడ్డెప్ప విని, "నీకు పనీపాటా లేదురా," అని తిట్టేవాడు. ఆ తిట్టు కోసం గోవిందప్ప ఆరు నెలలు ఆగేవాడు. మిగిలిన రోజులన్నీ మనిషి బతికాడంటే బతికాడు, అంతే.

రెండువేల ఐదు దసరా మరునాడు గోవిందప్ప గడియారం విప్పబోతే రెడ్డెప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"విప్పద్దు. అమ్మేద్దాం పద."

"యాల? ఇప్పుడేం తొందర?"

"పదేండ్లు అనుకుంటిమి, దాటిపాయ. నా రాయి పని ఐపోయిందిరా. మిషన్లు మూతేసినా. స్వర్ణను బెంగళూరు కాలేజీలో చేర్పిస్తి. ఈ నెల లోపల ఫీజు కట్టల్ల."

స్వర్ణ రెడ్డెప్ప ఒక్కగానొక్క కూతురు. ఫీజు నేను కడతానని గోవిందప్ప నోరు తెరిచాడు.

"అప్పు వద్దు. నా సొత్తు నాకుండంగా నీకాడ చెయ్యి చాపేది యాల?"

గడియారం పోతే పుంగనూరు పోతుంది. ఈ మాట రెడ్డెప్పతో ఎలా చెప్పాలి? చదువుకునే పిల్ల ఫీజు ముందు, అరవై దగ్గర పడుతున్న మగవాడు నాకు తోచడం లేదని చెబితే బాగుంటుందా? రెడ్డెప్ప వెనకే బెంగళూరు బస్సెక్కాడు.

అంగట్లో పాత సేఠు కొడుకు ఉన్నాడు. కంటికి భూతద్దం పెట్టుకుని చూసి, ఈ రకం గడియారాలు ఇప్పుడు రెండింతలు పలుకుతున్నాయన్నాడు. రెడ్డెప్ప గోవిందప్ప వైపు గర్వంగా చూశాడు. అప్పుడు సేఠు కొడుకు గడియారాన్ని వెనక్కు తిప్పాడు. భూతద్దం తీసి పక్కన పెట్టాడు.

ఇంకొకరి పేర్లున్న గడియారం ఎవరు కట్టుకుంటారు, అని అడిగాడు. గీకితే మూత పలచబడుతుంది. మారిస్తే అసలు మూత కాదంటారు. పోనీ డబ్బా, కాగితాలు ఉన్నాయా? డబ్బా ఉంటే కాస్త పెంచి ఇస్తాను.

ఇంట్లో ఆ డబ్బాలో దారపుండలు రామలక్ష్మమ్మ పెట్టిన చోటే ఉన్నాయి. నల్లదారం ఎక్కించిన సూది ఒకటి ఉండకు గుచ్చి ఉంది.

"పోయింది," అన్నాడు గోవిందప్ప.

సేఠు కొడుకు చెప్పిన ధర వాళ్ళు కొన్న ధరకు కూడా అందలేదు. అది విని గోవిందప్పకు కడుపులో పాలు పోసినట్టయింది. ఇంక ఇది అమ్ముడుపోదు. దేవుడు ఉన్నాడు, పాత్రల అంగడి రూపంలో ఉన్నాడు. అలా అనుకుంటూ పక్కకు తిరిగేసరికి, రెడ్డెప్ప గడియారం వైపు కాకుండా నేల వైపు చూస్తూ కనిపించాడు. గోవిందప్ప సిగ్గుతో చచ్చిపోయాడు. స్నేహితుడి కష్టం మీద తన ముచ్చట తీర్చుకోబోయిన బుద్ధి ఎలాంటి బుద్ధి?

బెంగళూరు మెజెస్టిక్‌లో ఒక పక్క బస్టాండు, ఎదురుగా రైల్వే స్టేషను. రెడ్డెప్ప కుప్పం రైలుకు పోవాలి. రోడ్డు దాటకముందే గోవిందప్ప అన్నాడు.

"నీ సగం నాకిచ్చెయ్. పేర్లు లేకుంటే ఎంత పలికేదో ఆ ధర ఇస్తా."

"నీకేమన్నా పిచ్చా?"

"పేర్లు కొట్టిచ్చమనింది మా ఇంటామె. ఆ నష్టం నేనే పడల్ల. అప్పు గాదు, కొంటాండాను."

రెడ్డెప్ప స్టేషను వైపు చూశాడు. తర్వాత తలూపాడు. రోడ్డు దాటి, జనంలో కలిసి, ఒక్కసారి కూడా వెనక్కు తిరగకుండా పోయాడు. బస్సు హోసకోట దాటాక గోవిందప్పకు తాను చేసిన పని అర్థమైంది. ఒక్కడి బావికి వంతులుండవు.

అయినా సరే, తర్వాతి ఉగాది మరునాడు పుంగనూరు పోయాడు. రెడ్డెప్పకు చెప్పలేదు. ఇన్నేళ్ళ అలవాటు కదా, రెడ్డెప్ప తనంతట తనే వస్తాడనుకున్నాడు. దోసె తిన్నాడు. కాఫీ తాగాడు. పలమనేరు వైపు నుంచి వచ్చిన బస్సులన్నీ చూశాడు. హోటలాయన టేబులు రెండుసార్లు తుడిచాడు. చివరికి గోవిందప్ప హోటలు ఫోను తీసుకుని రెడ్డెప్పకు చేశాడు.

"పుంగనూరుకు యాల పోతివప్పా?" అన్నాడు రెడ్డెప్ప.

"ఊరికే."

"అది నీదైపాయ గదప్పా. నేనొచ్చి ఇంగ ఏం చేసేది?"

'రా' పోయి 'అప్పా' వచ్చింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత రెడ్డెప్ప అతన్ని అలా పిలిచింది లేదు. అప్పిచ్చినవాడి మొహం ఎలాగో చూడవచ్చు, తీరిస్తే తీరిపోతుంది. మేలు చేసినవాడి మొహం చూడటమే కష్టం. రెడ్డెప్ప తీసుకున్న డబ్బులో సగం దయ అని రెడ్డెప్పకు తెలుసు. ఆ దయను గోవిందప్ప వెనక్కు తీసుకోలేడు, రెడ్డెప్ప మరిచిపోలేడు. ఇద్దరి మధ్యా అది అడ్డంగా పడి ఉంది.

గడియారం ఇప్పుడు ఏడాది పొడుగునా గోవిందప్పదే. బెంగళూరు రోడ్డులో అప్పుడు కొనని జాగాలో కల్యాణ మంటపం లేచింది. దాని ముందు నుంచి పోతున్నప్పుడల్లా రామలక్ష్మమ్మ గెలిచిందని ఒప్పుకునేవాడు. చేతికి గడియారం బరువుగా ఉండేది. ఎండాకాలంలో ఒక రోజు విప్పి, పచ్చ డబ్బాలో దారపుండల మధ్య పెట్టి మూత వేశాడు. మాటలు దాచుకోవడం కూడా మానేశాడు. ఎవరికి చెప్పాలని దాచుకోవడం?

దసరా ముందు ఇల్లు దులుపుతుంటే డబ్బా చేతికి తగిలింది. మూత తీశాడు. ముళ్ళు ఎప్పుడో నిలిచిపోయి ఉన్నాయి. తీసి వెనక్కు తిప్పి చూశాడు. కింది పేరు మీద వేలితో రుద్దాడు. అలాగే కూర్చుని ఫోను చేశాడు.

"గడియారం నిలిచిపాయరా."

"బాగుచేసేటోళ్ళకు చూపించప్పా."

"చెడిపోలే. కట్టుకునే మనిషి లేక నిలిచిపాయ. దసరా వస్తాండాది. వంతు నీది."

"నాదెట్లయితాది? నా సగం నీకు అమ్మేస్తి గదా."

"దుడ్డు సంగతి నాకు తెలీదు. ఎనక నీ పేరుండాది. పేరున్న గిన్నె పేరున్నోళ్ళ ఇంటికి పోవల్ల. మా ఇంటామె నేర్పించిన లెక్క అది."

గోవిందప్ప ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"నాకు మాట్లాడేదానికి మనిషి లేడురా, రెడ్డెప్పా."

ఫోను కట్టయింది. లైను పోయిందో, రెడ్డెప్పే పెట్టేశాడో తెలియలేదు. మళ్ళీ చేసే ధైర్యం గోవిందప్పకు లేకపోయింది.

దసరా మరునాడు పుంగనూరు హోటల్లో అదే టేబులు దగ్గర కూర్చున్నాడు. గడియారం జేబులో ఉంది. పలమనేరు బస్సొచ్చింది, జనం దిగారు, పోయారు. ఇంకొకటి వచ్చింది. అందులోంచి చిక్కిపోయిన మనిషొకడు, రంగు వెయ్యడం మానేసిన తెల్లజుట్టుతో, అందరికంటే వెనక దిగి రోడ్డు దాటాడు.

రెడ్డెప్ప ఎదురుగా కూర్చున్నాడు. రెండు సెట్ దోసెలు చెప్పాడు. నీళ్ళు తాగాడు. తర్వాత చొక్కా చెయ్యి పైకి మడిచి, ఎడమ చేతిని టేబులు మీద చాపాడు.

గోవిందప్ప గడియారం తీసి ఆ చేతికి కట్టాడు. వదులైపోయి మోచేతి వైపు జారింది. రెడ్డెప్ప చెయ్యి రెండుసార్లు విదిలించాడు. సెకండ్ల ముల్లు కదిలింది. టైము సరిచెయ్యాలంటే ఇద్దరి దగ్గరా ఇంకో గడియారం లేదు. హోటలాయన్ను అడిగి తిప్పుకున్నారు.

"ఏమిరా, అట్ల సూస్తావు? దోసె తిను, సల్లారిపోతాది," అన్నాడు రెడ్డెప్ప.

గోవిందప్ప తల వంచుకుని దోసె తిన్నాడు. కళ్ళు తుడుచుకుని, కారం ఎక్కువైందన్నాడు. తర్వాత మండీలో ఒక రైతు తన టమాటాల మీద తానే వేలం పాడుకున్న కథ మొదలుపెట్టాడు. అది అయ్యాక ఇంకొకటి. మదనపల్లె బస్సులు ఎన్ని పోయాయో చూసుకోలేదు.

చివరికి ఎక్కిన బస్సులో పక్క సీటాయన టైమెంతయిందని అడిగాడు. గోవిందప్ప అలవాటుగా చెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. మణికట్టు బోసిగా ఉంది.

"మా వాని కాడ ఉండాదప్పా," అన్నాడు. "ఉగాదికి తెస్తాడు."