ఎర్ర నీళ్లలో బంగారం

అనకాపల్లి చేపల బజారులో ముప్పై ఏళ్లుగా కూర్చుంటున్నాను గానీ, నా గంప పక్కన బంగారం పెట్టుకున్నది ఆ ఒక్క ఉదయమే. అదీ సీసాలో!

నా మనవరాలు దుర్గ యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా లేని బంగారు నలుసులు నీళ్లలో విడివిడిగా తేలితే ఎర్రగా ఉంటాయట, ఒకదానికొకటి అతుక్కుంటే నీలమైపోతాయట. ఆ నీళ్లలో ముంచిన కాగితం చేపకి అద్దితే, చేప పాడైతేనే నీలమవ్వాలి. వాళ్ల సారు మహేశ్వరరావు గారు చూడ్డానికి వస్తున్నారు. ఆయన ముందు అలా నీలం కాకపోతే రెండేళ్ల పనీ మళ్లీ మొదటికే.

అంత ముద్దొచ్చే రంగుకి దిష్టి తగలదూ! దుర్గ టీకి వెళ్లగానే పిడికెడు ఉప్పు తీసి సీసా మీద మూడుసార్లు తిప్పాను. మూత లేదని చూసుకోలేదు. నాలుగు పలుకులు లోపల పడ్డాయి, చూస్తుండగానే ఎర్రనీళ్లు నీలం!

"అమ్మమ్మా! ఏటి సేసేవే?"

"దిష్టి తీసేనే తల్లీ."

"ఉప్పు తగిల్తే బంగారం ముద్దకట్టేత్తాదే! ఇంక నిన్న ఆరబెట్టిన కాయితాలు రెండే ఉన్నాయి!"

ఏడుపు మొహంతో ఒకటి తీసి నా గంపలోని వంజరం చేపకి అద్దబోయింది. చెయ్యి పట్టుకున్నాను.

"ఒసే, నాలుగు పలుకులకే ఇంత గోలైతే, దీని ఒళ్లంతా సముద్రపు ఉప్పేనే. తాజాదైనా నీలమైపోదేటి?"

దుర్గ చటుక్కున కాగితం వెనక్కి తీసుకుంది. తర్వాత ఎగిరి గంతేసింది.

"కంపు గాల్లో వత్తాది కదే! అద్దొద్దు, యేలాడదీద్దాం!"

నా జడలో పూల దారం తెంపి, ఒకటి నా గంప మూతకి, ఒకటి పక్కన కాసులమ్మ గంప మూతకి లోపలివైపు కట్టింది. అప్పుడే సారు వచ్చారు. పావుగంట ఆగి మూతలెత్తి చూశాం.

నాది ఎర్రగా నవ్వుతోంది. కాసులమ్మది కొంచెం కొంచెంగా నీలం.

"పొద్దున్న పడవలోదే సారూ!" అంది కాసులమ్మ. రంగు ముదిరింది. "నిన్నటిదేమో మరి..." ఇంకా ముదిరింది. "సరే బాబూ, మొన్నటిదే! ఆ కాయితం ఇంక ఆపీమను!"

సారు పడీపడీ నవ్వారు. "పని చేసిందమ్మా దుర్గా. చేపకి తగలకూడదన్నది ముందు రాసుకో" అన్నారు. దుర్గ చేపనీళ్ల తడితోనే నన్ను కావలించుకుని గిరగిరా తిప్పేసింది.

"ఇంకో కాగితం ఉందా?" అని సారు అడిగారో లేదో, వరసలో ఆడాళ్లంతా పారిపోడానికి గంపలెత్తుకుని లేచారు. లేదు, అయిపోయాయని నేను గొంతు చించుకుంటే గానీ ఒక్కరూ కూర్చోలేదు.