కుప్పయ్య కండ్లు బాగుండాయి

నగరిలో మగ్గం నేసే కుప్పయ్యకు యాభై దాటాక రెండు కళ్లకూ పొరలు వచ్చాయి. బడిలో కంటి శిబిరం పెట్టినప్పుడు భార్య ప్రసూనాంబ అతన్ని బలవంతాన లాక్కెళ్లింది. డాక్టరు టార్చిలైటు వేసి చూసి, శుక్లాలు ముదిరాయి, చిత్తూరు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేయించుకోమన్నాడు. కంట్లో కత్తి పెడతారనగానే కుప్పయ్య హడలిపోయాడు. ఆ సంగతి పెళ్లానికి చెప్పుకోలేక, మగ్గం మీదున్న చీర దిగనీ, ఎండలు తగ్గనీ అంటూ వాయిదాలు వేశాడు.

అంతలో పుత్తూరు నుంచి వియ్యంకుడు మునిరత్నం వచ్చాడు. ఆయన మద్రాసులో ఎవరో పెద్దమనిషి ఉపన్యాసాలు విని వచ్చిన కొత్త. రోగం మనసులోనే పుడుతుందనీ, లేదు లేదని గట్టిగా అనుకుంటే దానంతటదే పోతుందనీ భోజనం చేస్తున్నంతసేపూ బోధించాడు. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి 'నా కండ్లు బాగుండాయి, నాకంతా కనిపిస్తా ఉండాది' అని చెప్పుకోమన్నాడు. కత్తి లేదు, మందు లేదు. కుప్పయ్యకు వియ్యంకుడు దేవుడిలా కనిపించాడు, మసకమసగ్గానే అయినా.

మర్నాటి నుంచే మొదలుపెట్టాడు. చూపు తిరిగొచ్చిందని ఊరికి తెలియాలిగా, వీధిలో ఎవరెదురైనా తానే ముందు పేరు పెట్టి పలకరించేవాడు. పాలు పోసే మునిలక్ష్మిని నాగరత్నమ్మా అని పిలిచాడు. స్తంభానికి ఆనించిన సైకిలును కాస్త పక్కకు తప్పుకోమన్నాడు. రెండూ ఒకటే రంగనుకుని ఒక అంచు ఆకుపచ్చ, ఇంకో అంచు నీలం పెట్టి చీర నేశాడు. దాన్ని ప్రసూనాంబ మారుమాట లేకుండా పెట్టె అడుగున దాచింది.

ఆమె వాదించలేదు. ఒక సాయంత్రం గోడకున్న అద్దం తీసి వంటింట్లో పెట్టింది. తెల్లవారి కుప్పయ్య ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, ఉత్త గోడ ముందు నిలబడ్డాడు. కండ్లు బాగుండాయని చెప్పుకున్నాడు. ముఖంలో కళ కూడా వచ్చిందని మెచ్చుకున్నాడు. తలుపు చాటునుంచి చూస్తున్న ప్రసూనాంబ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మర్నాడూ అదే తంతు. ఆ తర్వాత ఆమెకు నవ్వు రాలేదు. ఎదుట అద్దం లేదని కూడా తెలియడం లేదంటే మనిషికి ఇక మిగిలిన చూపెంత?

"ఏమయ్యా, ఎవురికి చెప్తా ఉండావు? అద్దం తీసి వంటింట్లో పెట్టుండా" అంది మెల్లగా.

కుప్పయ్య చెయ్యి చాచి తడిమాడు. గోడ, ఒక మేకు. ఆ మేకును వదలకుండానే ఆమె వైపు తిరిగాడు.

"కంట్లో కత్తంటే భయం ప్రసూనా" అన్నాడు.

"ఈ మాట ముందే చెప్పుండొచ్చు గదా. భయానికి నేను తోడొస్తా. పొర తియ్యాలంటే మాత్రం డాక్టరే కావల్ల."

ఆపరేషనుకు పోతున్నారని తెలిసి మునిరత్నం పరుగున వచ్చాడు. మంత్రంలో లోపం లేదనీ, బావకు నమ్మకమే చాల్లేదనీ, ఇంకొంచెం గట్టిగా అనాల్సిందనీ నొచ్చుకున్నాడు.

"మీకు నమ్మకం బాగానే ఉండాది గదన్నా. మరి ఆ కండ్లజోడు ఏల పెట్టుకున్నారు?" అని అడిగింది ప్రసూనాంబ, మజ్జిగ గ్లాసు అందిస్తూ.

ఆయన కళ్లజోడు తీసి, పంచెతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఈమధ్య పేపరు వాళ్లు అక్షరాలు మరీ చిన్నవి వేస్తున్నారన్నాడు. అయినా మంచివాడు. వాళ్ల సంచి తానే మోసుకుని, చిత్తూరు బస్సెక్కించి వచ్చాడు.

ఆపరేషన్ బల్ల మీద కుప్పయ్య పెదాలు కదులుతుంటే డాక్టరు ఏమిటని అడిగాడు. భయం లేదని చెప్పుకుంటున్నానన్నాడు. చెప్పుకో, తల మాత్రం కదల్చొద్దు అన్నాడు డాక్టరు. ఆ చెప్పుకోవడం వల్ల గుండెదడ కొంచెం తగ్గిన మాట నిజమేనని కుప్పయ్య తర్వాత ఒప్పుకున్నాడు. పొర మాత్రం కత్తికే వచ్చింది.

కొన్ని వారాల తర్వాత మళ్లీ చిత్తూరు పోయి సోడాబుడ్డి కళ్లద్దాలు తెచ్చుకున్నారు. తిరుగు ప్రయాణంలో అతను కిటికీ పక్కన కూర్చుని, దారిలో కనిపించిన ప్రతి బోర్డూ పైకి చదివాడు. ఎరువుల కొట్టు, సినిమా వాల్‌పోస్టరు, టీ అంగడి, తెలుగుదీ అరవందీ ఏదీ వదల్లేదు. ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ప్రసూనాంబ కాసేపు ఊఁ కొట్టి, పుత్తూరు రాకముందే అతని భుజం మీద తలవాల్చి నిద్రపోయింది. కుప్పయ్య గొంతు తగ్గించి, చదువుతూనే ఉన్నాడు.