అతకని పొర

దెల్ఫీనా ఆఖరి దిమ్మెను తుడిచి యంత్రం దవడల మధ్య పెట్టింది. వంతెన మీంచి తొలిచి తెచ్చిన గుండ్రటి కాంక్రీటు అది. కింద పాత పొర, పైన కొత్త పొర. పాతదాన్ని ఇనుప దవడ కరిచి పట్టుకుంటుంది, కొత్తదాన్ని యంత్రం పక్కకు తోస్తుంది. రెండూ బాగా అతుక్కుని ఉంటే కంకర రాళ్ళతో సహా చిట్లి గరుకుగా విరుగుతుంది. ఆ గరుకు చూస్తేనే ఆమెకు మనసు కుదుటపడుతుంది. పెళ్ళి ఊసు ఎప్పుడో మరిచిపోయి, షేలా ఊరి చలిలో ఈ పరీక్షల గదిలోనే జుట్టు నెరిపించుకుంది. ఎవరో కట్టినవాటిని విరిచి చూడడం తప్ప చెప్పుకోదగ్గ కథేమీ లేదు ఆమెకు.

దిమ్మె టప్పున విడిపోయింది, డబ్బా మూత ఊడినంత తేలిగ్గా. మిగతావీ ఇంతే.

విడిన ముఖం మీద సన్నటి దుమ్ము. అది ఎలా వచ్చిందో ఆమెకు తెలుసు. కిందటి నెల బస్సు కిటికీలోంచి చూసింది. ఎండిపోయిన పాత పొరను ఊడ్వకుండా, తడపకుండా కొత్త కాంక్రీటు పోసేస్తున్నారు. దిగి చెబుదామనుకుంది. అంత పేరున్న పెద్ద మేస్త్రీకి పదిమందిలో ఏం చెబుతాంలే అని ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకు అలవాటే.

తలుపు తోసుకుని ఆ మేస్త్రీయే వచ్చాడు, అందరూ గౌరవంగా దోన్ హసింతో అని పిలిచే మనిషి.

"ఏమ్మా, మళ్ళీ నా ఎముకలు విరగ్గొడుతున్నావా?"

దెల్ఫీనా విడిపోయిన ముక్క చూపించింది. ఆయన దాని మీద వేలితో గీసి, వేలు చూసుకున్నాడు.

"నీళ్ళ బండి రాలేదు ఆ రోజు. ఇంజనీరేమో కానీ కానీ అని ప్రాణం తీశాడు. ఇక పొరంతా పగలగొట్టాల్సిందే. నన్నూ ఉంచర్లే."

"నేను చూశాను, దోన్ హసింతో. బస్సులోంచి. చెప్పాల్సింది."

"తెలుసు తల్లీ. నేనూ నిన్ను చూశాగా. చెయ్యూపితే నువ్వూ నవ్వుతూ ఊపావు." ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. "పరీక్ష చేసే అమ్మాయే నవ్విందంటే పర్లేదులే అనుకున్నా."

ఆ నవ్వు సంగతి ఆమె మరిచే పోయింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది. ఆయన తిట్టలేదు. తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు. సాయంత్రం సామాను సర్దుకుని సముద్ర తీరానికి పోయే బస్సెక్కేశాడని కాపలావాడు చెప్పాడు.

బల్ల మీద దిమ్మె ముక్క అలాగే ఉంది, దుమ్ములో ఆయన వేలి గీత, గీత కింద నున్నగా పాత కాంక్రీటు.