రూపాయి నిలవ

పెళ్లయిన ఏడు నెలల్లో మేము కొన్న వస్తువులు మూడు: టేబుల్ ఫ్యాను, ప్రెషర్ కుక్కరు, ఎర్ర ట్రాన్సిస్టరు. కుక్కరు మొదటిసారి కూసినప్పుడు ఇద్దరం పొయ్యి ముందు నిలబడి చప్పట్లు కొట్టాం. మూడూ తిరుత్తణిలో ధనకోటి శెట్టిగారి కొట్లో వాయిదాల మీద తెచ్చుకున్నవే. ఆయన మా అమ్మ వైపు దూరపు చుట్టం, నాకు మామ వరస.

తిరువళ్లూరు హౌసింగ్ సొసైటీ వాళ్లు ఇంటి అప్పులకు దరఖాస్తులు పిలిచారు. బడిలో లెక్కలు చెప్పే మా ఆయన, 'ఇతర బాకీలు' అన్న గడిలో కొట్టు బాకీ రాసేశారు.

"రాయకుంటే ఎవరికి తెలుస్తాది?" అన్నాను.

"పిల్లోళ్లకు లెక్కలు చెప్పేవాణ్ణి. నా లెక్కే తప్పు రాసేదా?" అన్నారు.

బాకీ తీరినట్టు కొట్టు యజమాని చీటీ తెస్తేనే దరఖాస్తు తీసుకుంటామన్నాడు సొసైటీ గుమాస్తా. గడువు శుక్రవారం నాలుగు గంటలు. అది దాటితే మళ్లీ రెండేళ్లకే. జీతం గురువారం అందింది, శుక్రవారం ఆయనకు పరీక్షల డ్యూటీ. బాకీ తొంభై ఆరు రూపాయలు పర్సులో పెట్టుకుని, రానూపోనూ టిక్కెట్టు కొని తిరుత్తణికి నేనే రైలెక్కాను.

శెట్టిగారు నోట్లు లెక్కపెట్టి, ఒక రూపాయి నా వైపు తోశారు.

"ఇది ఉండనీమ్మా. ఖాతా కణక్కు పూర్తిగా మూసేది మా తాత నాటి నుంచీ లేదు. రూపాయి నిలవుంటేనే మనిషి మళ్లా వచ్చేది. దాంట్లోనూ ఈ పొద్దు శుక్రవారం."

"రూపాయున్నా బాకీనే గదా మామా. సొసైటీలో ఒప్పుకోరు."

"సోమవారం రా, ఏదో ఒకటి చేస్తాం."

"ఈ పొద్దే కడసి రోజు."

"కొత్త పెళ్లికూతురి కణక్కు శుక్రవారం పూట తెంచేసినానని తెలిస్తే మీ అత్త నాకు సాపాటు పెట్టదు," అని ఆయన ఖాతా పుస్తకం మూయబోయారు.

గోడ గడియారంలో ఒంటిగంటా నలభై. రెండూ పదికి రైలు.  పర్సు అడుగున ఇంకొక్క రూపాయి తగిలింది. ఆయన తోసిన రూపాయి పక్కన దాన్నీ పెట్టి, రెండూ ఆయన వైపు జరిపాను.

"ఇప్పుడు నిలవ మీ పక్క మామా. మీరే నాకు రూపాయి ఇయ్యాల. కణక్కు మూయలేదు గదా."

"ఇంత కొట్టు పెట్టుకుని ఆడపిల్లకు బాకీ పడేదా?"

"మరి వసూలుకైనా నేను మళ్లా రావాల గదా."

ఆయన నవ్వలేదు. నన్ను చూశారు, పుస్తకం చూశారు.  చివరికి కలం మూత తీశారు.

సొసైటీలో గుమాస్తా చీటీ రెండుసార్లు చదివాడు. మా ఆయన తంగరాజు నుంచి తమకు రావలసింది ఏమీ లేదనీ, తామే ఆయనకు ఒక రూపాయి ఇవ్వాలనీ శెట్టిగారు తమిళంలో పొందికగా రాసి సంతకం పెట్టారు.

"ఏమ్మా, శెట్టికే అప్పిచ్చినారా?"

 అతను పక్క బల్ల దగ్గరికి వెళ్లి చీటీ ఎవరికో చూపించాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకున్నారు. తిరిగొచ్చి దరఖాస్తు మీద ముద్ర వేసి రసీదు ఇచ్చేసరికి నాలుగుకు ఐదు నిమిషాలు తక్కువ.

అప్పు మంజూరయిందీ లేనిదీ నెల తర్వాత చెప్తారట. రసీదు నలగకుండా రెండు చేతులతో పట్టుకుని, మా ఆయన బడి వైపు నడిచాను.