వేలి మరక పడని రింగులు

గోపాలరావు నాకు అబద్ధం చెప్పలేదు. ఇన్నాళ్లయినా ఆయన మీద నా కోపం చల్లారకపోవడానికి అదే కారణం. అబద్ధం చెప్పి ఉంటే అంగీ గల్లా పట్టుకునేవాణ్ణి.

మేడ్చల్‌లో నాది లోహం చెక్కే రెండు లేత్ మిషన్ల వర్క్‌షాపు. ఆరో తరగతిలో బడి మానేసి నేర్చుకున్న పని. 2010లో, కంపెనీల నుంచి పనులు తెచ్చిపెట్టే గోపాలరావు అల్యూమినియం రింగుల ఆర్డరు తెచ్చాడు. కంప్యూటర్లలో, ఫోన్లలో ఉండే చిప్పులను తయారుచేసే మిషన్లలో వాటిని బిగిస్తారట. అవి విదేశాలకు పోతాయి. వేలి మరక పడినా వాపసే. అందుకని మా ఆవిడ రోజీ గ్లౌజులు వేసుకుని, ఒక్కో రింగునూ కడిగి ఆరబెట్టి రెండు కవర్లలో పెట్టేది.

“పెద్ద మిషన్ పెట్టు ఏలియా,” అన్నాడు గోపాలరావు. “ఫోన్లు ఏటేటా పెరుగుతుంటే చిప్పుల ఫ్యాక్టరీలు కొత్త మిషన్లు కొంటనే ఉంటయి. నీకు పనే పని.”

ఆదివారం చర్చి నుంచి సుచిత్ర సెంటరుకు పోయి ఫోన్ల దుకాణాల ముందు నిలబడేవాణ్ణి. మూడు వారాలు చూశాను. పండుగ లేకపోయినా జనమే. నాలుగో వారం శామీర్‌పేటలో నాయిన ఇచ్చిన అర ఎకరం పైచిలుకు భూమిని ప్లాట్ల వ్యాపారి యాదగిరికి అమ్మి, చాలనిదానికి బ్యాంకులో అప్పు చేసి, కంప్యూటరుతో నడిచే మిషన్ తెచ్చాను.

“ఒక్క మాట నన్ను అడగకపోతివి,” అంది రోజీ.

“అడిగితే ఒద్దంటవని అడుగలే.”

ఏడాదిన్నర బాగానే నడిచింది. 2012లో ఆర్డర్లు సగమయ్యాయి, తరువాత మొత్తానికే ఆగిపోయాయి. సుచిత్రకు పోయి చూశాను. దుకాణాల్లో జనం అట్లాగే ఉన్నారు. అక్కడి నుంచే గోపాలరావు ఇంటికి వెళ్లాను.

“కూలికి పోయేటోళ్ల చేతుల గూడ ఫోన్లే ఉన్నయి సార్. మరి నా పనేది?”

“ఫోన్లు అమ్ముడు పోతనే ఉన్నయి. కానీ నిరుడు ఎన్ని పోయినయో గిప్పుడూ గన్నే. ఉన్న మిషన్లే సాలుతయంట. ఇంక కొత్తయి ఎందుకు కొంటరు?”

“గీ ముచ్చట ముందుగాల జెప్పొద్దా?”

“జెప్పిన గద. ‘పెరుగుతుంటే’ అని అన్న. నువ్వు పోయి జనం ఉన్నరా లేరా అనే సూసొచ్చినవ్.”

మిషన్‌ను కొన్న ధరలో మూడో వంతుకు బాలానగర్ వర్క్‌షాపు వాళ్లు తీసుకుపోయారు. అది కిస్తీలకే సరిపోయింది. ఆఖరి పెట్టె రింగులు మా మంచం కింద ఉన్నాయి, రెండేసి కవర్లలో, మరక లేకుండా. శామీర్‌పేటలో యాదగిరి ప్లాట్ల రాళ్లు పాతించాడు.

ఆ రాళ్ల మధ్య ఒకప్పుడు నాదైన భూమి ఇరవై రెండు గుంటలు.