ఓబమ్మ వదిలిన కోపం

పొద్దున ఆరు గంటలకు ఓబమ్మ గొంతు లేస్తేనే కదిరి రోడ్డు మీది ఆ ఊళ్లో క్రైస్తవపేటకు నీళ్ల ట్యాంకరు వచ్చేది. డ్రైవరు కుళ్లాయప్ప పై వీధిలోనే నీళ్లన్నీ వదిలేసి పోవాలని చూసేవాడు. ఓబమ్మ బిందె చంకన పెట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడి, వాడి తాతముత్తాతల దాకా తిట్టేది. ట్యాంకరు మారుమాట లేకుండా కిందికి దిగేది.

ఆ పేటలో ఈస్టరుకు ముందొచ్చే శ్రమకాలం నలభై రోజులూ తలా ఒకటి వదులుకుంటారు. వదులుకున్నది ఊరికే పోదు, అవసరమున్నవాళ్లను వెతుక్కుంటూ పోతుంది. నిరుడు గంగప్ప మధ్యాహ్నం నిద్ర వదిలితే, అది పోయి పై వీధి బాలింత షహనాజ్ కళ్ల మీద వాలింది. రామదాసు కాఫీలో తీపి వదిలితే, వీధి చివరి బోరులో ఉప్పునీళ్లు తియ్యగా మారాయి. ఈస్టరు తెల్లారితే ఎవరిది వాళ్లకు తిరిగొచ్చేస్తుంది. ఏటా జరిగేదే కాబట్టి ఎవరూ దాని గురించి మాట్లాడుకోరు.

ఈసారి శ్రమకాలం మొదలయ్యే బూడిద బుధవారం ఆరాధన అయ్యాక ఓబమ్మ పాస్టరు ఆనంద్ దగ్గరికి పోయింది.

"అయ్యగారూ, నా కోపం వదిలేస్తాండా."

"కోపం పాపం కదమ్మా. పాపాన్ని వదిలితే త్యాగమెట్లయితాది? మనకిష్టమైంది వదలాల."

"బీపీ ఎక్కువుండాదని డాక్టరమ్మ చెప్పినాది. బీపీ కోసం వదిలితే దేవునికి పనికిరాదా?"

ఆనంద్ తల గోక్కున్నాడు. "ఏమోనమ్మా. ప్రార్థన చేసుకో."

మర్నాడు ట్యాంకరు పై వీధి నుంచే వెనక్కి తిరుగుతుంటే ఓబమ్మ నోరు తెరిచింది. మాట వచ్చింది గానీ అందులో వేడి లేదు. "కొంచెం ఆపప్పా" అంది. కుళ్లాయప్ప ఆమె ముఖంలోకి వింతగా చూసి, బండి పోనిచ్చాడు.

ఖాళీ బిందెతో ఇంటికొచ్చేసరికి కోడలు అరుణజ్యోతి సంగటి కెలుకుతోంది. ఆ ఇంటికొచ్చి అయిదేళ్లయినా గొంతు పెంచి ఎరగని పిల్ల. తెడ్డు పక్కన పెట్టి లేచి నిలబడింది.

"అత్తా, నా నర్సింగు ఇంకొక్క ఏడాది మిగిలుండాది. చదివిస్తామని చెప్పి చేసుకున్నారు. 'ఇంట్లో పని ఎవురు చేయాల' అని నువ్వే ఆపినావు. నేను పోతాండా. ఎవురాపుతారో చూస్తా!"

ఆ చూపుడువేలు, ఆ మెడ తిప్పడం, అన్నీ ఓబమ్మవే. చూడగానే తన కోపాన్ని పోల్చుకుంది. ఆటో తుడుస్తున్న కొడుకు శశికుమార్, ఇప్పుడు అమ్మ అందుకుంటుందని ఎదురుచూశాడు. ఓబమ్మ లోపలంతా వెతుక్కుంది. ఏమీ దొరకలేదు.

"పోయిరా జోతీ" అంది. అన్నది తనేనా అని తనకే అనుమానమొచ్చింది.

సోమవారం జ్యోతి అనంతపురం హాస్టలుకు పోయింది. మూడేళ్ల మనవరాలు ఓబమ్మ చంక దిగలేదు. పేటవాళ్లు పై వీధికి పోయి నీళ్లడుక్కోవాల్సి వచ్చింది. "దేవునికి నువ్విచ్చినావు, మోసేది మేము" అని గంగప్ప విసుక్కున్నాడు. తిరిగి విసుక్కోవడానికి కూడా ఓబమ్మ దగ్గర ఏమీ లేదు.

యేసు సిలువెక్కిన శుభ శుక్రవారం నాటి ప్రసంగం అయ్యాక అందరూ పోయేదాకా ఆగి అడిగింది. "అయ్యగారూ, ప్రభువు ఇచ్చింది తన ప్రాణం. ఇంకొకరి మీద బరువు పెట్టలేదు. నాది త్యాగమా, తప్పా?"

ఆనంద్ బైబిలు మూసి పక్కన పెట్టాడు. "నాకూ తెలీదమ్మా" అన్నాడు.

శనివారం శశికుమార్ అన్నాడు: "రేపు తెల్లారితే జోతి కోపం దిగిపోతాది. పోయి పిల్చుకొస్తా."

ఓబమ్మకు సంతోషం కలగాలి. నడుము పీకుతోంది, పాప రోజూ అమ్మ కావాలని ఏడుస్తోంది. అయినా ఆ పిల్ల చదువు మళ్లీ ఆగుతుందనుకుని అన్నం కంచం పక్కకు నెట్టేసింది.

ఈస్టరు పొద్దున పేటంతా సమాధుల దగ్గర కొవ్వొత్తులతో నిలబడింది. గుట్ట మీద ఎండ పడగానే ఎవరిది వాళ్లకు తిరిగొచ్చింది. ఓబమ్మ కోపమూ వచ్చింది. గొంతులో వెచ్చగా కదిలింది. మొగుడు పోయినప్పుడు, వానలు లేక వేరుశెనగ ఎండిపోయినప్పుడు, తనను కూలబడకుండా నిలబెట్టింది ఇదే. ఇంత ఇష్టమని ఇన్నాళ్లూ తెలీనేలేదు.

"నా దగ్గరికి రావద్దు" అంది మెల్లగా. "ఆ పిల్ల దగ్గరే ఉండిపో."

అది కాసేపు తచ్చాడింది. తర్వాత గొంతు చల్లబడింది.

మధ్యాహ్నానికి శశికుమార్ అనంతపురం నుంచి ఒక్కడే తిరిగొచ్చాడు. మెట్టు మీద కూలబడ్డాడు.

"రానన్నాదా?"

"పరీక్షలయ్యేదాకా రాదంట. నడిరోడ్డు మీద తిట్టినాదమ్మా."

"ఏమని?"

"'పాపను ఎత్తుకురాకుండా ఇంకోసారి ఒట్టి చేతుల్తో వస్తే కాళ్లిరగ్గొడతా' అని."

ఓబమ్మ లోపలికి పోయి పాప గౌన్లు రెండు మడిచి సంచిలో పెట్టింది. బయటికి తీసింది. మళ్లీ పెట్టింది.

"ఏమ్మా, ఏడుస్తాండావా?" అన్నాడు కొడుకు.

"ఏమోరా" అంది ఓబమ్మ.